ఏడేళ్ల వలస

గోవిందు ప్లాస్టిక్ కుర్చీని భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. తుడిచిన చోటే ఇంకోసారి తుడిచి సుమన ముందు పెట్టాడు. ఒక కాలు పొట్టిగా ఉన్నట్టుంది, కూర్చోగానే కుర్చీ ఎడమకు ఒరిగింది. ఆమె ట్యాబ్‌ను మోకాళ్ల మీద సర్దుకుని గది లోపలికి చూసింది. చాప, గ్యాసు పొయ్యి, గోడకు మేకు, మేకుకు ఒక చొక్కా. ఆ రోజు ఆమె చూసిన గదుల్లో అది మూడోది.

గద్వాలలో మగ్గాల వీధి. సోమవారం పదకొండు గంటలు. పక్కింట్లో గుంటమగ్గం ఆగి ఆగి చప్పుడు చేస్తోంది. ఆడపిల్లల హాస్టళ్లకు వాచ్‌మెన్లను, వంటవాళ్లను, డ్రైవర్లను పంపే ఏజెన్సీ ఒకటి స్టేషన్‌కు పద్నాలుగు పేర్లు ఇచ్చింది. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి, మనిషిని గుమ్మం ముందు నిలబెట్టి ఫొటో తీయాలి. ఇరుగుపొరుగులో ఇద్దరి చేత సంతకం పెట్టించాలి. స్టేషన్ రికార్డులో పేరు వెతకాలి. ఆక్షేపణ లేదని రాయాలి, లేదా ఉందని రాయాలి. మహిళా కానిస్టేబుల్ సుమన మూడేళ్లుగా చేస్తున్న పని ఇదే. మనుషుల ముఖాలు ఆమెకు గుర్తుండవు. గుమ్మాలు గుర్తుంటాయి.

ఆరో ప్రశ్న దగ్గరికి వచ్చింది. గత ఐదేళ్లలో ఉన్న చోట్లు. ఈ గదిలోకి ఎప్పుడు వచ్చావని అడిగితే, పోయినేడు ఉగాదికని చెప్పాడు.

"దానికి ముందు యాడున్నవ్?"

గోవిందు తువ్వాలును నాలుగు మడతలు పెట్టాడు. విప్పి మళ్లీ పెట్టాడు. యాభై దగ్గరపడిన మనిషి, గోళ్లు శుభ్రంగా కత్తిరించుకున్నాడు.

"ఏడేండ్లు," అన్నాడు.

"బతకపోయినవా? బెంగుళూరా?"

అడుగుతుండగానే ఆమె వేలు తెర మీద కిందికి జరిగింది. పై గడిలో ఊరు, మండలం నింపితే కాగితం దానంతటదే అక్కడి స్టేషన్‌కు పోతుంది, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. దాని కింద ఇంకో గడి ఉంది: వలస కూలీ, స్థిర చిరునామా లేదు. పాలమూరు జనం కాగితాలు ఎక్కడెక్కడి స్టేషన్ల జవాబుల కోసమో నెలల తరబడి నిలిచిపోతుంటే, ఎవరో దయతలచి పెట్టించిన గడి. అది నొక్కితే ఎవరినీ అడగదు. సుమన నొక్కింది.

పక్కింటి వెంకటమ్మ సంతకానికి వచ్చింది. పడుగు పోగులు అతుకుతూ లేచి వచ్చినట్టుంది, బొటనవేలికి పోగులు మెలేసే బూడిద అంటి ఉంది. ఇతను ఎట్లాంటివాడని అడిగితే, ఒకల జోలికి పోడని చెప్పింది.

"ఏడేండ్లు బెంగుళూరు పోయి వచ్చిండట," అంది సుమన, ట్యాబ్ ఆమె చేతికి ఇస్తూ.

"అట్లనా. పాపం," అని వెంకటమ్మ వేలితో సంతకం గీసింది.

సాయంత్రం స్టేషన్‌లో సుమన గోవిందు పేరు, తండ్రి పేరు కొట్టి వెతికింది. ఆ స్టేషన్‌లో అతని మీద ఏమీ లేదు. పద్నాలుగింటికీ ఆక్షేపణ లేదని పంపి, మొహం కడుక్కుని ఇంటికి పోయింది.

*

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక ఆడమనిషి స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే వచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు. పేరు తిమ్మమ్మ. బిజినేపల్లి దిక్కు ఊరు. పత్తి విత్తనం చేలల్లో పూలు దాటించే పనికి, మగపూల పుప్పొడి ఆడపూలకు అద్దే పనికి, నెల కింద గద్వాల వైపు వచ్చింది. కుడిచేతి వేళ్లకు పుప్పొడి పట్టి గోళ్ల సందుల దాకా పసుపుపచ్చగా ఉన్నాయి. మొగ్గ చీల్చడానికి పెంచుకున్న బొటనవేలి గోరు కింద, ఆ పసుపు మీద, ఊదారంగు సిరా.

ఆమె నడుము దగ్గరి నుంచి ఒక పాలిథిన్ సంచి తీసి, అందులోని కాగితాలు బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించారు. కోర్టు తీర్పు. ఇంగ్లీషులో ఉంది. సుమన మొదటి పేజీ నిదానంగా చదివింది. ముద్దాయి పేరు, తండ్రి పేరు, ఊరు. పిల్ల పేరు ఎక్కడా లేదు, బాధితురాలు అనే ఉంది. వయసు తొమ్మిదేళ్లు. చివరి పేజీలో ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష. సంవత్సరం రెండువేల పదహారు.

ఆ పేరు తనకు తెలుసని ఆమెకు వెంటనే తోచలేదు. గుమ్మం గుర్తొచ్చింది. మేకు, మేకుకు చొక్కా. తర్వాత పేరు వచ్చింది.

తిమ్మమ్మ చెప్పినదంతా ఒకే గొంతుతో చెప్పింది. ఆ పిల్ల తన పెద్దబిడ్డ. ఇప్పుడు పెద్దదైంది, ఎక్కడ ఉందో చెప్పనంది. చిన్నబిడ్డ ఇక్కడి ఆడపిల్లల హాస్టల్లో ఏడో తరగతి. నిన్న మధ్యాహ్నం చేను పని కాగానే నూనె, సబ్బులు ఇచ్చిపోదామని వెళ్లింది. గేటు దగ్గర వాచ్‌మెన్‌గా ఆ మనిషే ఉన్నాడు.

"గేటు కాడ బుక్కుల ఏలిముద్ర ఎయ్యమన్నడు. నాకు సంతకం రాదు గద. సిరా డబ్బా ఆయనే పట్టుకున్నడు. నా ఏలు వట్టి బుక్కు మీద ఒత్తిండు. నన్ను గుర్తువట్టలే."

సుమన ఆ బొటనవేలి వైపు చూసింది.

"నేను చెయ్యి గుంజుకోలే అమ్మా. ఎందుకు గుంజుకోలేనో తెల్వదు. ఒత్తినంక, గా బల్ల మీద కూసో, పిలుస్తరన్నడు. కూసున్న."

ఫ్యాను గాలికి తీర్పు కాగితాల చివరలు లేచి పడుతున్నాయి. సుమన వాటి మీద అరచేయి పెట్టింది. తనకు ఏదో అనిపించాలని ఆమెకు తెలుసు. ఎక్కడో ఒకచోట అది మొదలవుతుందని ఎదురుచూసింది. అరచేతి కింద కాగితం వెచ్చగా ఉంది, అంతే.

నిన్నటి నుంచి ఏం చేశావని అడిగితే, పొద్దున చేనుకు పోయానని, పూలు దాటించి వచ్చానని చెప్పింది. పూలు ఆగవు కదా అంది.

"నాకొకటే చెప్పు బిడ్డా. చిన్నదాన్ని తోల్కపోదునా, ఆడనే ఉంచుదునా? తోల్కపోతే ఇగ అది కూడ చేనులకే. ఉంచితే..."

సుమన ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, కాగితాలు తీసుకుని ఎస్సై గదిలోకి పోయింది.

*

ఎస్సై శ్రవణ్ కుమార్ సుమన కంటే చిన్నవాడు, ఆమెను గారు అని పిలుస్తాడు. తీర్పు మొత్తం చదివాడు. లైంగిక నేరాల్లో శిక్షపడ్డవాళ్ల జాబితా ఒకటి ఉంది, దాన్ని తెరవడానికి అనుమతి జిల్లా ఆఫీసులో ఒకరి దగ్గర ఉంటుంది. కొత్త కేసు జరిగినప్పుడు తీస్తారు. ఉద్యోగం కాగితాలకు ఎవరూ తీయమని అడగలేదు, ఫారంలో దానికి గడి లేదు. అతను జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాడు. అరగంటకు జవాబు వచ్చింది. పేరు ఉంది, ఫొటో ఉంది.

"మీరు పోయినప్పుడు మీకేం చెప్పిండు?" అని అడిగాడు.

"బెంగుళూరు పోయిన అని చెప్పిండు సార్. ఏడేండ్లు."

అంటున్నప్పుడు ఆమెకు ఆ గొంతు కూడా వినిపించింది. బెంగుళూరు పోయినమ్మా. కొంచెం బొంగురుగా, చివర లాగుతూ. తువ్వాలు మడతపెట్టే చేతులు కూడా కనిపించాయి.

శ్రవణ్ కుమార్ ఏజెన్సీ నడిపే మహిపాల్‌కు ఫోన్ కలిపాడు. అవతలి గొంతు వాదించలేదు. గంటలో గేటు దగ్గర వేరే మనిషిని పెడతానంది. సుమన బయటికి వచ్చి, ఆడనే ఉంచు, ఆయన పోతుండు, అని తిమ్మమ్మతో చెప్పింది. తిమ్మమ్మ కాగితాలు మడతల ప్రకారం మడిచి పాలిథిన్‌లో పెట్టుకుంది. సంతోషించినట్టు లేదు. రేపు పొద్దున పోయి కండ్ల చూసినంకనే చేనుకు పోతానంది.

ఆ సాయంత్రం ఇంట్లో నాయిన భీమన్న వరండాలో కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నాడు. మోకాళ్లు వంగవు, కాళ్లు చాపి ఒళ్లో చేట పెట్టుకున్నాడు. సుమన బెల్టు విప్పి పక్కన కూర్చుంది. అతనితో కేసుల సంగతి చెప్పదు. ఈరోజు మాత్రం, ఒకాయన ఏడేండ్లు బెంగుళూరు పోయి వచ్చిండట నాయినా, అంది.

"ఎవరి గుంపుల?" అన్నాడు భీమన్న, తల ఎత్తకుండా.

"తెల్వదు."

"తెల్వకుంటె ఎట్ల? మేస్త్రి పేరు చెప్పలేదా?"

"అడుగలే."

అతను ఒలవడం ఆపాడు. ఆమె జోక్ చేస్తోందేమో అన్నట్టు చూశాడు. తరువాత, ఎవరూ అడగకుండానే, చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి మద్దిలేటి మేస్త్రి గుంపు, ముప్పై రెండు మంది. లారీలో పోయారు. రేకుల షెడ్డు, పక్కన పారే మురికి మోరీ. రెండోసారి అదే మేస్త్రి తమ్ముడు. మూడో అంతస్తు నుంచి పడ్డవాడి పేరు, వాడి ఊరు, వాడి భార్య ఊరు. కన్నడంలో నీళ్లడిగే మాట. గింజలు చేటలో పడుతూనే ఉన్నాయి. పాలమూరోడు ఎదురైతే మొదలు అడిగేదే మేస్త్రి ఎవరని, ఊరు తర్వాత అడుగుతరు, అన్నాడు. పోలీసోల్లకు గీ ముచ్చట కూడ తెల్వదా అని నవ్వాడు.

సుమన ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కింది. అది పగలలేదు. చేటలో వేసేసింది.

*

శనివారం మహిపాల్ కొత్త ఫారాలు పట్టుకుని స్టేషన్‌కు వచ్చాడు. మొన్నటిదానికి తన తప్పేమీ లేదని, తనకూ తెలియదని, తను కూడా ఆడపిల్లల తండ్రినేనని చెప్పాడు. గోవిందు ఎక్కడ ఉన్నాడని సుమన అడిగింది.

"వనపర్తిల ఏసినం మేడం. ఆడ మనిషి షార్టేజ్."

"యాడ?"

"హాస్టలే. పరేషాన్ గాకుండ్రి, మన దిక్కు కాదు గద. మీరిచ్చిన కాయితం ఉన్నది, ఏడాది నడుస్తది."

అతను మోసం చేస్తున్నవాడి ముఖంతో అనలేదు. ఇటు కుండ అటు జరిపినంత మామూలుగా అన్నాడు. గురువారం తను తిమ్మమ్మతో అన్న మాట సుమనకు గుర్తొచ్చింది. ఆయన పోతుండు అని చెప్పింది. ఎక్కడికని తను కూడా అడగలేదు.

శ్రవణ్ కుమార్ వనపర్తి హాస్టల్ వార్డెన్‌కు అప్పుడే ఫోన్ చేసి, మా మనిషి వచ్చేదాకా అతన్ని ఆఫీసు గదిలోనే కూర్చోబెట్టమన్నాడు. తరువాత ఆ సర్టిఫికెట్ రద్దు చేయడం ఎలాగో ఇద్దరూ ట్యాబ్‌లో చూశారు. పునర్విచారణ అని ఒక పేజీ ఉంది. అభ్యర్థిని మళ్లీ చూసి, వాంగ్మూలం తీసుకుని, మూడు కారణాల్లో ఒకటి నొక్కాలి. దరఖాస్తుదారు అబద్ధం చెప్పాడు. దరఖాస్తుదారు మరణించాడు. విచారణ చేసిన అధికారి పొరపాటు.

"మొదటిది కొట్టుండ్రి," అన్నాడు శ్రవణ్ కుమార్. "బెంగుళూరు అని అబద్ధం చెప్పిన అని రాసిచ్చి సంతకం పెడతడు. మీ మీదికి రాదు. మూడోది కొడితె మెమో వస్తది, ఇంక్రిమెంట్ ఆగుతది. మీరు ఇప్పటిదాంక ఆ వలస గడి కొట్టినవన్ని మల్ల తీస్తరు."

సుమన సరేనంది. అబద్ధం చెప్పింది అతనే కదా.

వనపర్తి బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటింది. నీళ్లు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. జనం కిటికీల వైపు ఒంగి దండం పెట్టుకున్నారు. ఆమె ఒళ్లో ట్యాబ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. పెబ్బేరు దగ్గర ఒక ముసలాయన పక్కన కూర్చుని, డ్యూటీయా అమ్మా అని అడిగాడు. అవునంది. పెద్ద కేసా అన్నాడు. కాయితం పని అంది.

*

హాస్టల్లో మధ్యాహ్నం భోజనాలు అయ్యాయి. కుళాయి దగ్గర పిల్లలు పళ్లేలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. వార్డెన్ సౌందర్య ముందుగా ఫైల్ తెరిచి, ఫొటో అంటించిన సర్టిఫికెట్ తీసి చూపించింది. కింద సుమన పేరు, నంబరు ఉన్నాయి.

"ఇది చూసే తీసుకున్న. ఇంక నేను దేన్ని చూడాలె, చెప్పుండ్రి."

సౌందర్య ఫైల్ మూసి, గోడవైపు కుర్చీలో కూర్చుంది.

గోవిందు లేచి నిలబడి ఉన్నాడు. కొత్త నీలం చొక్కా, మెడలో విజిల్. సుమనను చూసి, తను కూర్చున్న కుర్చీని తువ్వాలుతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. సుమన కిటికీ దగ్గరున్న ఇంకో కుర్చీ తెచ్చుకుని కూర్చుంది.

పేరు, తండ్రి పేరు రాసుకుంది. తరువాత నాయిన అడిగిన ప్రశ్నే అడిగింది.

"బెంగుళూర్ల మేస్త్రి ఎవరు?"

"మేస్త్రి యాడి మేస్త్రి అమ్మా," అన్నాడు గోవిందు. "జైల్ల ఉంటి."

"మరి బెంగుళూరు పోయిన అని ఎందుకు చెప్పినవ్?"

అతను మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు, భయం కూడా లేదు. చాలాకాలం ప్రతిదానికీ వరుసలో నిలబడి అలవాటైన మనిషి ముఖం.

"నేను చెప్పలే. నేను ఏడేండ్లు అన్న. మీరే బెంగుళూరా అన్నరు. అని ఒత్తిండ్రు. నా దిక్కు సూడలే."

"అడిగితే చెప్తుంటివా?"

"ఏమో. చెప్పకపోదును."

సుమన పెన్ను కాగితం మీద పెట్టి ఉంచింది. కొంచెం బొంగురుగా, చివర లాగుతూ వినిపించిన ఆ మాట కోసం వెతికింది. మగ్గం చప్పుడు ఉంది. తువ్వాలు ఉంది. పొట్టికాలు కుర్చీ ఎడమకు ఒరగడం ఉంది. గొంతు ఒకటే లేదు. ఏడేండ్లు అన్న ఒక్క మాట అతనిది. మిగిలినది ఎన్నిసార్లు విన్నా తన గొంతులోనే వినిపించింది. తరువాత వెంకటమ్మకు కూడా ఆ మాట చేరవేసింది తనే. వెంకటమ్మ దాని మీద సంతకం చేసింది.

ఆ రోజు తను అతని మీద జాలిపడిందా? అదీ లేదు. జాలిపడటానికి ముందు మనిషిని చూడాలి. ఆ ఖాళీలో తనకు తెలిసిన ఒకే ఒక్క విషయం పెట్టింది. చిన్నప్పుడు బడిలో నాయిన ఏడి అని సారు అడిగిన ప్రతిసారీ తను చెప్పిన జవాబు, అతని నోట్లో పెట్టింది.

సౌందర్య గోడవైపు నుంచి అంతా వింటోంది. ఈ గదిలో ఇంకెవరూ లేరు. అబద్ధం చెప్పానని రాసి సంతకం పెట్టమంటే ఈ మనిషి పెడతాడు. ఏ కాగితం ముందు పెట్టినా పెడతాడు. కాగితం రద్దవుతుంది, అతను గేటు దగ్గర ఉండడు. అంతటితో అయిపోతుంది. ఆ వలస గడి మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని నొక్కే వేళ్లూ ఉంటాయి.

ఆమె అతను చెప్పింది చెప్పినట్టే రాసింది. కింద ఇంకో వాక్యం రాసింది. వలస, బెంగుళూరు అన్న మాటలు నావి, అతను అనలేదు. చదివి వినిపించింది. గోవిందు విన్నాడు. వంకర అక్షరాలతో సంతకం పెట్టాడు. సిరా డబ్బా బల్ల మీదే ఉంది. దాని మూత తీసి ఉందని గమనించి, సుమన మూత పెట్టింది.

ట్యాబ్‌లో మూడో కారణం నొక్కింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ అధికారి వలస గడితో ఇచ్చిన రెండు వందల పన్నెండు నివేదికలు పునఃపరిశీలనకు వెళ్తాయి. కొనసాగించాలా? రెండు వందల పన్నెండు గుమ్మాలు. ఎవరో వెళ్లి అడుగుతారు. చాలామంది మేస్త్రి పేరు, షెడ్డు, పక్కన మోరీ, అడగనివి కూడా చెబుతారు. దొంగలనుకున్నరా మమ్మల్ని అని కొందరు తిడతారు. ఎవరో ఒకరిద్దరు తువ్వాలు మడతపెడతారు. ఆమె నొక్కింది. తెర ఒక క్షణం తెల్లబడి, మళ్లీ వచ్చింది.

గోవిందు మెడలోని విజిల్ తీసి బల్ల మీద పెట్టాడు. గది మూల నుంచి సంచి తెచ్చుకున్నాడు. అందులో ఆ చొక్కా, ఒక దుప్పటి ఉన్నాయి. సౌందర్య లేచి విజిల్‌ను కాగితం ముక్కతో పట్టుకుని డ్రాయర్‌లో వేసింది.

వాంగ్మూలంలో ఇంకొక్క గడి మిగిలింది. ఇక మీదట ఉండబోయే చోటు. అది నింపితే కాగితం అక్కడి స్టేషన్‌కు పోతుంది.

"యాడికి పోతవ్?" అంది సుమన.

అతను కిటికీలోంచి గేటు వైపు చూశాడు. తువ్వాలు భుజం మీంచి తీశాడు.

"యాడికని చెప్పాలె అమ్మా? మీరే ఏదో ఒకటి రాసుకోండ్రి."

ఒక ఊరి పేరు ఆమె నోట్లోకి దానంతటదే వచ్చింది. ఎప్పటిలాగే, అతను నోరు తెరవకముందే. సుమన పెదవులు బిగించింది. పెన్ను గడి మీద ఆనించి, తల ఎత్తి, అతని ముఖం చూస్తూ కూర్చుంది. బయట పళ్లేల చప్పుడు ఆగిపోయింది. గోవిందు తువ్వాలును నాలుగు మడతలు పెట్టాడు. విప్పాడు. ఆమె చూస్తూనే ఉంది.